అమావాస్య ఫిల్టరు

ఉత్తరం వచ్చిన రోజు రాజ్యశ్రీ దాన్ని మొదట నిలబడే చదివింది. రెండోసారి కుర్చీలో కూర్చుని చదివింది. మూడోసారి మొగుణ్ణి పిలిచి అతనిచేత చదివించింది. అప్పటికిగానీ సోఫాలో కూర్చున్న తిరుపతయ్యకు విషయం అందలేదు.

“ఏంటమ్మా, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందా?” అన్నాడు.

“కాదు నాన్నా. షిమ్మెల్ గురించి.”

షిమ్మెల్ అంటే జర్మన్‌లో గోడకు పట్టే బూజు. పడకగదిలో బీరువా వెనక, ఉత్తరపు గోడ మూల, నవంబరులో అరచేయంత నల్లమచ్చ కనిపించింది. డిసెంబరు వచ్చేసరికి అది చాటంత అయింది. దాచుకోవడం తెలియని పిల్ల రాజ్యశ్రీ. ఫోటో తీసి ఇంటి నిర్వహణ చూసే ఆఫీసుకు తనే పంపింది. దానికి జవాబు ఈ ఉత్తరం. పదిహేనో తారీఖు మంగళవారం పరీక్ష చేసే మనిషి వస్తారు. లోపం గోడలో ఉంటే వాళ్ళే బాగుచేయిస్తారు. అలా కాక ఇంట్లోవాళ్ళు బతికే తీరు వల్ల, అంటే కిటికీలు తీయకపోవడం, విపరీతంగా వండటం, తడిబట్టలు లోపల ఆరేయడం లాంటి వాటి వల్ల వచ్చిందని తేలితే, అద్దె ఒప్పందం రద్దు చేసే హక్కు వాళ్ళకు ఉంది.

“అంటే ఖాళీ చెయ్యమంటారా?” అంది రత్నకుమారి, ఒళ్ళో మనవరాలిని జోకొడుతూ.

“అనొచ్చు అత్తయ్యా,” అన్నాడు అల్లుడు కౌశల్. “అంటే మాత్రం మన పని అయిపోయినట్టే.”

ఆ ఇల్లు ఊరికే దొరకలేదు. పద్నాలుగు నెలల్లో ఇరవై ఆరు ఇళ్ళు చూశారు. పేరు చదివి కొందరు, పిల్ల పుట్టబోతోందని విని కొందరు, కారణమే చెప్పకుండా ఎక్కువమందీ కాదన్నారు. ఇక ఈ కరోనాలో ఇల్లు చూపించడానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఇచ్చేవాళ్ళే లేరు. తొమ్మిది నెలల సహస్రతో, నిండు చలికాలంలో, జర్మనీలో ఫ్రైబర్గ్ లాంటి చిన్న ఊళ్ళో ఎక్కడికని పోతారు?

ఆ పూట నుంచి రాజ్యశ్రీ ఇంట్లో శాసనాలు పెట్టింది. రోజుకు మూడుసార్లు, పదేసి నిమిషాలు, మంచు పడుతున్నా సరే, కిటికీలన్నీ బార్లా తియ్యాలి. బట్టలు లోపల ఆరెయ్యకూడదు. చంటిదానికి స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వెయ్యకూడదు. పప్పుకి, కూరకి, చారుకి తాలింపు అసలే పెట్టకూడదు.

“తాలింపు లేకపోతే అది పప్పెట్లా అవుద్దే? ఉడికించిన పప్పు అవుద్ది,” అంది రత్నకుమారి.

“మంగళవారం దాకా ఓర్చుకో అమ్మా. ఆ వచ్చేవాళ్ళు సగం రిపోర్టు ముక్కుతోనే రాస్తారు.”

తిరుపతయ్య శాలువా కప్పుకుని, తెరిచిన కిటికీల మధ్య కూర్చుని, నిమిషాలు లెక్కపెట్టాడు. కానీ ఆయన చూపు కిటికీల మీద లేదు. తలుపు తీసి ఉన్న బాత్రూంలో, పైన గోడ మూలలో గాలి పోయే గుండ్రటి తెల్లటి జాలీ మీద ఉంది.

*

తిరుపతయ్యది పల్నాడులో ఒక పల్లె. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. ఏడో తరగతి పెద్దపరీక్షలో లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది. ఆ రెండు మార్కులు కూడా పేపరు దిద్దినవాడి పొరపాటేనని ఆయన నమ్మకం. పద్దెనిమిదో ఏట చిలకలూరిపేట దారిలో ఉన్న ఒక స్పిన్నింగు మిల్లులో ఊడ్చే పనికి చేరాడు. ఆరేళ్ళు తిరిగేసరికి హ్యుమిడిటీ ప్లాంటులో ఫిట్టరు అయ్యాడు. ఆ పైన ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆ ప్లాంటు ఆయనదే.

మిల్లులో దారం తెగకుండా రావాలంటే గాలిలో తేమ లెక్కగా ఉండాలి. ఎక్కువైతే దూది రోలర్లకు చుట్టుకుంటుంది. తక్కువైతే పోగు పుటుక్కున తెగుతుంది. ఆ గాలిని లాగి, వడపోసి, తడిపి, మళ్ళీ మిల్లులోకి వదిలేది హ్యుమిడిటీ ప్లాంటు. యంత్రం దగ్గర నిలబడి దారం వడికేవాళ్ళకు పేరు వస్తుంది గానీ, గాలి చూసేవాడి పేరు ఎవరికీ తెలియదు. అందుకే తిరుపతయ్య తన పేరు తనే చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాడు. అందులో తప్పేమీ లేదు. చెయ్యని పని చెప్పుకుంటే తప్పు గానీ, చేసింది చెప్పుకుంటే తప్పెలా అవుతుంది?

మిల్లు యజమానికి అమావాస్య పట్టింపు. ఆ రోజు కదురు తిరగడానికి వీల్లేదు. మిల్లు మొత్తం ఆగే రోజు అదొక్కటే కాబట్టి ఫిల్టర్లు విప్పి శుభ్రం చేసే పని కూడా అమావాస్యకే పడింది. అలా తిరుపతయ్య చేతుల మీదుగా మూడువందల ఎనభై అమావాస్యలు గడిచాయి. ఒక్కటి కూడా తప్పలేదు. కూతురు పుట్టిన రోజు కూడా అమావాస్యే. సాయంత్రం ఫిల్టర్లు బిగించి, యంత్రం వేసి, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాడు. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఇంజనీరు మీటరు పెట్టి చూసి, మీటరు కంటే ఈయన చెయ్యే నయం అన్నాడు. తొంభై ఆరులో మిల్లంతటా దారం తెగుతుంటే, నలుగురు పెద్ద ఫిట్టర్లు వెతికినా దొరకని తప్పును తిరుపతయ్య పట్టుకున్నాడు. బ్రహ్మయ్య అనే ఫిట్టరు గాలిగొట్టంలో గోనెసంచి మరిచిపోయాడు. తిరుపతయ్య ఆ సంచిని తీసుకెళ్ళి, అందరూ చూస్తుండగా యజమాని బల్ల మీద పెట్టాడు. దానికి బహుమతిగా వెండిపళ్ళెం వచ్చింది. పళ్ళెం సంగతి ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. బ్రహ్మయ్యను ఆ సాయంత్రమే గేటు బయటికి పంపారన్నదాకా మాత్రం కథ ఎప్పుడూ వచ్చేది కాదు.

కూతురి పురుటికని భార్యతో కలిసి ఫిబ్రవరిలో వచ్చాడు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తర్వాత తిరిగినా, ముసలివాళ్ళు ఇప్పుడు కదలొద్దని కూతురు పట్టుబట్టింది. వీసా పొడిగించారు. అలా పదినెలలుగా ఒక అపార్టుమెంటులో, చేతికి పనిలేకుండా ఉన్నాడు.

*

ఉత్తరం వచ్చిన మర్నాడు తిరుపతయ్య రత్నకుమారి పూజసామాను పెట్టె తీసి, ఒత్తులకని దాచుకున్న దూదిలోంచి చిటికెడు తుంచాడు.

“కార్తీకం అయిపోయేదాకా ఆ దూది ముట్టొద్దన్నానా?” అంది ఆవిడ.

“దేవుడికి ఒక ఒత్తి తక్కువైతే ఏం కాదులే.”

దూదిని పల్చగా పోగులా సాగదీసి, స్టూలెక్కి, బాత్రూంలో జాలీ దగ్గర పట్టుకున్నాడు. మిల్లులో ఇదే పరీక్ష. గాలి లాగుతుంటే పోగు జాలీకి ఎగిరి అతుక్కుంటుంది. ఇక్కడ పోగు కిందికి వేలాడింది. వంటింట్లోనూ అంతే.

“అల్లుడుగారూ! ఇలా రండి ఒకసారి.”

కౌశల్ చెవిలో ఇయర్‌ఫోన్‌తోనే వచ్చాడు. అతను ఈ ఊళ్ళోనే మెటీరియల్స్ చదివి, పక్క ఊరిలో చిప్పులకు పలకలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాడు. దుమ్ము రేణువు లేకుండా గాలిని వడపోసిన గదిలో, ఒళ్ళంతా తెల్లటి తొడుగు వేసుకుని చేసే పని అది.

“ఈ ఇల్లు ఊపిరి పీల్చట్లేదండీ,” అన్నాడు తిరుపతయ్య. “కింద నేలమాళిగలో యంత్రం గాలి లాగట్లేదు. తాలింపుది కాదు దోషం.”

“మావయ్యగారూ, ఫిల్టర్లు అక్టోబరులోనే మార్చారు. కింద లైటు ఆకుపచ్చగానే ఉంది. నేను చూశాను.”

“ఆ లైటుకి ఏం తెలుసు? ఫిల్టరు మార్చి మీట నొక్కితే ఆకుపచ్చ అవుద్ది. మూణ్ణెల్లు లెక్కపెట్టుకుని ఎర్రబడుద్ది. అది క్యాలెండరు, మీటరు కాదు.”

కౌశల్ దూదిపోగు వైపు చూశాడు. “దూదితో పరీక్ష చేశామంటే ఆ వచ్చేవాళ్ళు నవ్వుతారండీ.”

“కోయంబత్తూరు ఇంజనీరు నవ్వలేదు.”

కోయంబత్తూరు ఇంజనీరు పేరు వినగానే కౌశల్ మీటింగుందని వెళ్ళిపోయాడు.

ఆ భవనంలో ఆ మెట్లవైపు మూడే ఇళ్ళు. అన్నిటికంటే పైది వీళ్ళది. మధ్య ఇంట్లో ఉండే విద్యార్థులు పాఠాలు కంప్యూటరులోనే చెబుతున్నారని ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. కింద ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది; మంచు పడినా కిటికీ ఓరగా తెరిచే ఉంచుతుంది. మూడిళ్ళకూ కలిపి నేలమాళిగలో ఒక యంత్రం. అది వంటింట్లోంచి, బాత్రూంలోంచి తేమ పట్టిన గాలిని లాగేస్తుంది. బయటి గాలిని వడపోసి, కాస్త వెచ్చబరిచి, పడకగదుల్లోకి వదులుతుంది. యంత్రం మొండికేస్తే ముందు తెలిసేది అయిదుగురున్న ఇంటికే.

దాని తాళం ఊలిగ్ దగ్గర ఉంటుంది. ఆ భవనాల కాపలా, మరమ్మతు అన్నీ చూసుకునే మనిషి. డెబ్భై ఒకటో ఏడు నడుస్తున్నా పని మానలేదు. శనివారం మెట్ల దగ్గర మంచు గీకుతుంటే తిరుపతయ్య కౌశల్‌ను వెంటబెట్టుకుని దిగాడు. మాస్కులు పెట్టుకుని, నాలుగు మెట్ల దూరంలో నిలబడ్డారు.

“చెప్పండి అల్లుడుగారూ. ముప్ఫై ఒక్క సంవత్సరాలు హ్యుమిడిటీ ప్లాంటు చూశానని, మూడువందల ఎనభై సార్లు ఫిల్టర్లు విప్పానని, తొంభై ఆరులో నలుగురికి దొరకని తప్పు పట్టానని, వెండిపళ్ళెం ఇచ్చారని, సోమవారం ఒకసారి ఆ యంత్రం నాకు చూపించమని.”

కౌశల్ జర్మన్‌లో రెండు ముక్కలు చెప్పాడు.

“అంతేనా? నేను అంత చెప్తే మీరు అంతేనా?”

“సారాంశం చెప్పానండీ.”

“పళ్ళెం చెప్పారా?”

“చెప్పలేదండీ.”

“మరదేం సారాంశం?”

ఊలిగ్ పార మీద చేతులు ఆనించి తన లెక్క తను చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ భవనాలు చూస్తున్నాడు, ఒక్క ఫిర్యాదు లేదు. అంతకుముందు పద్నాలుగేళ్ళు గనిలో గాలి పంపే ఫ్యాన్ల దగ్గర పని. భూమి కింద మనుషులు ఊపిరి పీల్చింది తన చేతి మీదుగానే. కౌశల్ ఇదంతా తెలుగులో చెబుతుంటే తిరుపతయ్య తల పంకించాడు. ఎదుటివాడు కూడా లెక్క పెట్టుకునే మనిషే.

“బయటివాళ్ళు యంత్రం ముట్టుకోకూడదంట. రూలు,” అన్నాడు కౌశల్.

“ముట్టుకోను. చూస్తానంతే. సోమవారం అమావాస్య. అమావాస్యనాడు యంత్రానికి విశ్రాంతి ఇవ్వాలని చెప్పండి.”

“అది నేను జర్మన్‌లో ఎలా చెప్పనండీ?”

“చంద్రుడు వాళ్ళకి లేడా?”

కౌశల్ ఏం చెప్పాడో గానీ ఊలిగ్ మాస్కు వెనక నవ్వాడు. మంగళవారం పరీక్ష వాళ్ళు ఎలాగూ యంత్రం తెరవమంటారు, ఒకరోజు ముందే తెరిస్తే పోయేదేమీ లేదు అన్నాడు. సోమవారం పదింటికి రమ్మన్నాడు. రెండు మీటర్ల దూరం.

*

సోమవారం పదింటికి కౌశల్‌కు మీటింగు, రాజ్యశ్రీకి మీటింగు. వాళ్ళు చెరో గదిలో తలుపులు వేసుకున్నారు. తిరుపతయ్య తలస్నానం చేసి, స్వెట్టరు మీద కోటు వేసుకుని, దూది జేబులో పెట్టుకుని ఒక్కడే దిగాడు. ఇద్దరికీ మాట కలిసే భాష లేదు. తిరుపతయ్యకు పొద్దున పలకరించే గూటెన్ మోర్గెన్, థాంక్స్ చెప్పే డాంకె వచ్చు. ఊలిగ్‌కు తెలుగులో ఆపాటి కూడా రాదు.

యంత్రం బీరువా అంత ఉంది. ఊలిగ్ స్విచ్చి ఆపాడు. ఫ్యాను చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. మొదటి తలుపు తీసి బయటి గాలి ఫిల్టరు లాగాడు. నల్లగా ఉన్నా బాగానే ఉంది. రెండోది, ఇంటి గాలి ఫిల్టరు, సగం లాగి ఆగాడు.

మడతలు మడతలుగా ఉన్న ఫిల్టరు మీద వెలుగు పడి మెరిసింది. దుకాణంలోంచి వచ్చినప్పుడు చుట్టి ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద అలాగే ఉంది. ఫ్యాను లాగిన లాగుకి పొర మడతల్లోకి అంటుకుపోయింది. అంచున చిరిగిన రెండు వేళ్ళ సందులోంచి వచ్చే గాలే రెండు నెలలుగా మూడిళ్ళకూ దిక్కు.

తిరుపతయ్య ఫోను తీసి ఫోటో తీశాడు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఇక చాలు. పరీక్షకు వచ్చేవాళ్ళకు ఈ బొమ్మ ఒక్కటి చూపిస్తే తాలింపు ఊసే రాదు. అల్లుడికి కూడా చూపించాల్సిందే, దూదిపోగు కొలతేమిటో.

ఊలిగ్ ఫిల్టరును నేలమీద నిలబెట్టి, దాని చట్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. చట్రం మీద పెన్సిలుతో తారీఖు వేసి ఉంది. పన్నెండు, పది. తిరుపతయ్యకు అంకెలు చదవడానికి ఏ భాషా అక్కర్లేదు.

అక్టోబరు ఆరున కౌశల్‌కు కరోనా అని తేలింది. ఇరవయ్యో తారీఖు దాకా ఇంట్లోంచి ఎవరూ గడప దాటలేదు. ఆ రెండు వారాలూ పాలు, ఉల్లిపాయలు, సహస్రకు డైపర్లు సంచిలో తెచ్చి గుమ్మం ముందు పెట్టి, గంట కొట్టి, మెట్లు దిగిపోయింది ఈ ఊలిగే. పన్నెండో తారీఖు ఆ మధ్యలోనే పడింది. కరోనా ఉన్న ఇంటి గాలంతా వచ్చి పట్టిన ఫిల్టరును విప్పి, సంచిలో కట్టి, కొత్తది పెట్టాల్సిన రోజు అది.

ఊలిగ్ తన మాస్కును చూపించాడు. రెండు వేళ్ళు చూపించాడు, రెండు మాస్కులని. ముక్కు మీద కళ్ళజోడును ముట్టుకుని, నోటితో ఊది, అరచెయ్యి కళ్ళ ముందు ఆడించాడు. ఆవిరి పట్టి ఏమీ కనబడలేదని. చేతులు గబగబా ఆడించాడు, త్వరగా త్వరగా అని. ఆ తర్వాత చేతులు దింపేశాడు. తిరుపతయ్య చేతిలోని ఫోను వైపు ఒకసారి చూసి, మళ్ళీ చూడలేదు.

ఫిర్యాదు లేని ఇరవై రెండేళ్ళు. డెబ్భై ఒకటో ఏట ఇలాంటి ఫోటో ఆఫీసుకు చేరితే ఏం చేస్తారో తిరుపతయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు. గేటు బయటికి పంపడం ఆయన ఒకసారి చూశాడు.

అయినా ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఖాళీ చెయ్యాల్సివస్తే ఈ మనిషి ఇల్లు ఇవ్వడు.

ఊలిగ్ కొత్త ఫిల్టరు పెట్టె తెచ్చాడు. పొర తీశాడు. తీసిన పొరను తిరుపతయ్య వైపు ఎత్తి చూపించి, అప్పుడు బిగించాడు. స్విచ్చి వేశాడు. పైకి వెళదాం అన్నట్టు చేత్తో సైగ చేశాడు. అన్ని గదుల్లో గాలి వస్తోందో లేదో చూస్తేగానీ పని అయినట్టు కాదు. ఆ పద్ధతి తిరుపతయ్యకు నచ్చింది.

*

బాత్రూంలో పోగు పట్టుకోగానే చేతిలోంచి లాక్కున్నట్టు జాలీకి అతుక్కుంది. “గూట్,” అన్నాడు ఊలిగ్, బాగుందని. తిరుపతయ్య ఆ మాట విని నిటారుగా నిలబడ్డాడు. వంటింట్లోనూ అంతే.

పడకగదిలో గాలి లోపలికి రావాలి. అక్కడి జాలీ మంచానికి ఎగువన, తలుపు పైన ఉంటుంది. రత్నకుమారి సహస్రను మంచం మీద పడుకోబెట్టి కాళ్ళకు నూనె రాస్తోంది. తిరుపతయ్య స్టూలెక్కి పోగు పట్టుకున్నాడు. పోగు కదలలేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గుడిలో ఒత్తిలా నిశ్చలంగా ఉంది.

రత్నకుమారి నూనె రాయడం ఆపింది.

ఊలిగ్ స్టూలెక్కి జాలీ మూతను తిప్పి ఊడదీశాడు. లోపల చెయ్యి పెట్టి గుడ్డ అంచు పట్టుకుని లాగాడు. గుడ్డ వస్తూనే ఉంది. ఎర్రంచు నూలుచీర, పాతది, సగం చీర, గట్టిగా ఉండచుట్టి దోపిన గుడ్డ, అంచున పసుపు మరకలతో అంతా బయటికి వచ్చింది. వెనకే చల్లటి గాలి బుస్సుమని గదిలోకి దిగింది.

“చంటిదాని మాడు మీదికే పడుతోందండీ ఆ గాలి,” అంది రత్నకుమారి, ఊలిగ్‌తో, తెలుగులోనే, గుక్క తిప్పుకోకుండా. “నూనె పెట్టి నీళ్ళు పోసి పడుకోబెడితే ఇక తుమ్ములే తుమ్ములు. అప్పుడు ఈ ఇంట్లో అల్లుడికి జొరం, పిల్లకి తగులుద్దేమోనని నాకు ఒకటే దడ. అందుకని పెట్టా. మా అమ్మాయికి చెప్పలా.”

ఊలిగ్‌కు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అంతా అర్థమైంది. తిరుపతయ్య భార్య వైపు తిరిగాడు.

“నీకు బుద్ధుందా? గాలి వచ్చే దారిలో గుడ్డ దోపుతారా ఎవరైనా? ముప్ఫై ఒక్క సంవత్సరాలు నేను...”

“స్టూలు పట్టుకుంది మీరే కదండీ.”

తిరుపతయ్య స్టూలు వైపు చూశాడు. నిజమే. అక్టోబరులో ఒక మధ్యాహ్నం, పిల్ల తుమ్మితే, రత్నకుమారి స్టూలెక్కింది. ఆయన కింద నిలబడి రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాడు. పట్టుకోవడమే కాదు, “వదులుగా పెడితే ఊడి పడుద్ది, గట్టిగా దోపు,” అని కూడా అన్నాడు. మిల్లులో అయితే చేసి ఉండేవాడు కాదు. ఇంట్లో, మనవరాలి తల మీద చల్లగాలి అనేసరికి, అది ప్లాంటని గానీ తను ఫిట్టరునని గానీ తోచలేదు.

లోపలికి వచ్చే గాలికి అక్కడ గుడ్డ. బయటికి పోయే గాలికి కింద ప్లాస్టిక్ పొర. గోడకు బూజు పట్టక ఏం పడుతుంది? ఏది ఎంత చేసిందో ఏ ఇంజనీరూ తేల్చలేడు.

ఊలిగ్ స్టూలు దిగాడు. చేతిలో చీర. కావాలనుకుంటే దాన్ని అలాగే ఆఫీసుకు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టవచ్చు. ఇంట్లోవాళ్ళు బతికే తీరు అనడానికి అంతకంటే రుజువు ఉండదు. పక్కగదిలోంచి రాజ్యశ్రీ ఇంగ్లీషులో ఎవరికో లెక్కలు చెప్పడం, వంటింటి పక్క గదిలో కౌశల్ దగ్గడం వినబడుతున్నాయి.

ఊలిగ్ చీరను రెండుగా మడిచాడు. నాలుగుగా మడిచాడు. అంచులు కలిశాయో లేదో చూసి, రెండు చేతులతో రత్నకుమారి పక్కన మంచం మీద పెట్టాడు.

తిరుపతయ్య ఫోను తీశాడు. ఫోటో తెరిచి ఊలిగ్ ముందు పెట్టాడు. దాన్ని ఎలా తీసేయాలో ఆయనకు తెలియదు. ఎప్పుడూ తీసేయలేదు. రెండు మీటర్ల సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఊలిగ్ కళ్ళజోడు పైకి నెట్టుకుని, వంగి, తెర అడుగున చెత్తబుట్ట బొమ్మ వెతికి, వేలు పెట్టాడు. ఫోను ఏదో అడిగింది. తెలుగులో అడిగింది. తిరుపతయ్య చదివి, “అవును” అన్నదాని మీద తనే నొక్కాడు.

“డాంకె,” అన్నాడు ఊలిగ్.

“ఆఁ ఆఁ,” అన్నాడు తిరుపతయ్య.

*

మంగళవారం పరీక్షకు వచ్చినావిడ పొడగరి. గుమ్మంలో ఆగి, మాస్కు కొంచెం కిందికి లాగి, ఒకసారి గాలి పీల్చి, మళ్ళీ పెట్టుకుంది. రాజ్యశ్రీ కౌశల్ వైపు చూసింది, చెప్పానా అన్నట్టు. ఆవిడ గోడకు ఒక మీటరు ఆనించింది, జాలీలకు ఇంకో మీటరు పెట్టింది, అంకెలు రాసుకుంది. కిటికీలు ఎన్నిసార్లు తీస్తారని అడిగితే రాజ్యశ్రీ గంటలు, నిమిషాలతో సహా కాగితం ఇచ్చింది.

ఊలిగ్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యంత్రంలో ఏమన్నా తేడా ఉందా అని ఆవిడ అడిగింది. ఊలిగ్ ఒక్క క్షణం తిరుపతయ్య వైపు చూశాడు. తిరుపతయ్య కిటికీ వైపు చూశాడు.

“ఫిల్టర్లు నిన్ననే మార్చాను. బాగా నడుస్తోంది,” అన్నాడు ఊలిగ్.

జాలీలకేమన్నా అడ్డం పెట్టారా అని ఆవిడ రాజ్యశ్రీని అడిగింది. లేదంది రాజ్యశ్రీ. తనకు తెలిసినంతలో అది నిజమే. కౌశల్ ఈ రెండు మాటలూ తెలుగులో చెప్పి, “ఆయన మిమ్మల్నెందుకండీ చూశాడు?” అని అడిగాడు. “నన్నా? గడియారం చూసుంటాడు,” అన్నాడు తిరుపతయ్య. గడియారం ఆ గోడకు లేదు.

ఆవిడ బీరువా దగ్గర ఆగింది. బీరువాకు, గోడకు మధ్య వేలు దూర్చబోయింది. దూరలేదు. అంతే, కారణం దొరికింది. బయటి గోడ చల్లన, బీరువా దానికి అంటుకుని ఉంది, మధ్యలో గాలి ఆడలేదు. బీరువాను జానెడు ముందుకు జరపమంది. గోడ కడిగి రంగు వేయించడం ఆఫీసు చూసుకుంటుంది. ఇంట్లోవాళ్ళు బతికే తీరు గురించి ఒక్క అక్షరం రాయలేదు.

ఆవిడ వెళ్ళాక రాజ్యశ్రీ తలుపు వేసి, తలుపుకే వీపు ఆనించి నిలబడింది. “ఇక్కడే ఉంటాం,” అంది. ఎవరితో అన్నట్టూ కాదు. తర్వాత కౌశల్, తిరుపతయ్య చెరోవైపు పట్టి బీరువా జరిపారు.

ఆ పూట భోజనాల దగ్గర రాజ్యశ్రీ మహా ఉషారుగా ఉంది. కిటికీల లెక్క కాగితాన్ని ఫ్రిజ్జికి అంటించింది. “చూశావా అమ్మా, తాలింపు ఆపామా లేదా, వాసన లేదు, తేమ లేదు. ఈ పద్ధతే బావుంది. చలికాలమంతా ఇలాగే కానిద్దాం.”

“చలికాలమంతానా?” అంది రత్నకుమారి.

“ఇప్పుడు రుజువైంది కదా.”

రత్నకుమారి భర్త వైపు చూసింది. ఆయన కంచంలోని పచ్చటి పప్పును అన్నంలో కలుపుతున్నాడు. మెరుపు లేని, ఆవగింజ లేని, ఎండుమిరపకాయ లేని పప్పు.

“మావయ్యగారూ,” అన్నాడు కౌశల్, హాస్యానికే, “దూదిపోగు కేసు ఓడిపోయినట్టేనా? యంత్రం లాగట్లేదన్నారు. తీరా చూస్తే తప్పు బీరువాది.”

తిరుపతయ్య ముద్ద మధ్యలో ఆపాడు. ఆయన గొంతులో మాట వచ్చి కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపితే అందరూ తలెత్తి చూస్తారో ఆయనకు తెలుసు. పన్నెండు, పది అన్న అంకె నుంచి మొదలుపెడితే చాలు. రత్నకుమారి గరిటె గిన్నెలోనే ఉంచి, ఆయన పెదవుల వైపే చూస్తోంది. కింద మెట్ల మీద ఊలిగ్ మంచు గీకుతున్న పార చప్పుడు పైదాకా వస్తోంది.

“అవునండీ,” అన్నాడు తిరుపతయ్య. “బీరువాదే.”

కౌశల్ ఇంకేదో వస్తుందని కాసేపు చూశాడు. తిరుపతయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, మజ్జిగ ఇటు జరపమని కూతురిని అడిగాడు.